కాపురం ఉన్నట్టు

కుర్చీలన్నింటినీ గోడకు ఆనించి వరసగా బిగించేస్తే ఏ గదైనా రైలు స్టేషన్‌లాగే ఉంటుంది, వాటిని విప్పించి రెండింటిని ఎదురెదురుగా వేయించి, మధ్యలో ఒక చిన్న బల్ల, దాని మీద సగం చదివి బోర్లించిన పుస్తకం, కిటికీ తెర కాస్త పక్కకు జరిపి, అంతే, వచ్చినవాళ్ళకు కొంచెం ఊపిరాడుతుంది అనుకుంది ఆమె, అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. పక్కన అత్తగారు చేతిసంచి దగ్గర పెట్టుకుని, బడికి మొదటిరోజు వచ్చిన పిల్లలా ఒద్దికగా కూర్చుని ఉంటే, ఆ తలుపు వెనక మతిమరుపు చూసే డాక్టరు ఇంకెవరినో పరీక్ష చేస్తూ ఉంటే, ఇప్పుడు కూడా తన బుర్ర గదులు సర్దుతోంది. అత్తగారి కాళ్ళు నేలకు సరిగ్గా ఆనడం లేదు. కుర్చీ ఎత్తు. చెప్పుల్లోంచి మడమలు పైకి లేచి ఉన్నాయి, కాళ్ళ కింద ఒక పీట ఉంటే బాగుండేది. పీట అన్న మాట మనసులోకి రాగానే ఆమె చూపు తిప్పుకుని, మూలన దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలను చూడడం మొదలుపెట్టింది.

కారు పెట్టడానికి చోటు దొరకక భర్త చుట్టుపక్కల వీధులన్నీ తిరుగుతున్నాడు. నేను వచ్చేదాకా మొదలుపెట్టొద్దని చెప్పు అని ఫోన్‌లో రెండుసార్లు అన్నాడు. అతను వచ్చి డాక్టరు ముందు కూర్చుంటే ఏం చెప్తాడో ఆమెకు తెలుసు, ఇందాక సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు వేళ్ళు మడిచి మరీ చూపించాడు. ముందు బొంత పోయింది, తర్వాత కాళ్ళపీట, ఆ తర్వాత గుండీల డబ్బా, ఇప్పుడు నాన్న కళ్ళద్దాలు. అతను ఒక్కో వేలూ మడుస్తుంటే అత్తగారు ఒక్కోదానికీ తలూపింది, పంతులు ముందు తప్పు ఒప్పుకునే పిల్లలాగా. వెనక సీట్లో కూర్చున్న ఆమె మాత్రం కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ వచ్చింది. టైర్లు, మందులు, అద్దాలు, అచ్చు వేయబడును. ఆ నాలుగు వస్తువులూ ఊరి చివర కొత్తగా లేచిన అపార్టుమెంటులో, మూడో అంతస్తులో, ఎవరూ ఉండని ఒక ఫ్లాట్‌లో ఉన్నాయి. ఆమే పట్టుకెళ్ళి పెట్టింది. అది అక్కడే చెప్పేయొచ్చు, ఎర్రదీపం ఇంకా మారలేదు, నోరు తెరిస్తే చాలు, కానీ పచ్చదీపం వెలిగేదాకా బోర్డులే చదివింది.

ఆ ఫ్లాట్ కొనేవాళ్ళకు చూపించడానికి. చూపించడమే ఆమె పని. కట్టించే ఆయన ఒకప్పుడు తాపీ పట్టిన మనిషి, ఇప్పుడు ఎన్ని భవనాలు లేపినా అందరూ మేస్త్రీగారనే అంటారు, ఆయనకూ ఆ పిలుపే ఇష్టం. ఖాళీ గోడలు చూపిస్తే జనం కొలతలు అడిగి వెళ్ళిపోతారమ్మా, అన్నాడు మొదటిరోజు, కాపురం ఉన్నట్టు ఉండాలి, ఇప్పుడే లేచి పక్కింటికి వెళ్ళారు, వచ్చేస్తారు అన్నట్టు ఉండాలి. అది ఆమెకు చేతనైన విద్య. కొత్త దుప్పటి పరిస్తే ప్యాకెట్ మడతలు పట్టిస్తాయి, అందుకని ముందే ఉతికి నలిపి పరుస్తుంది. దిండును మోచేత్తో ఒక్కసారి నొక్కి వదిలేస్తుంది. భోజనాల బల్ల దగ్గర ఒక్క కుర్చీని మాత్రం కొంచెం వెనక్కి లాగి ఉంచుతుంది. గుమ్మం దగ్గర చెప్పుల జత కలిసీ కలవనట్టు విడుస్తుంది. తడి గ్లాసు పెట్టి తీసి నున్నటి చెక్కబల్ల మీద గుండ్రటి మరక తెప్పిస్తే మేస్త్రీగారు చూసి ముందు గుండెలు బాదుకుని, తర్వాత అదే మరకను వచ్చినవాళ్ళు వేలితో రాసి చూస్తుంటే మురిసిపోయాడు. ఎవరైనా వస్తున్నారంటే పొయ్యి మీద నీళ్ళలో దాల్చినచెక్క వేసి మరిగిస్తుంది. ఇన్ని చేసినా హాల్లో కిటికీ పక్క మూల ఒకటి మాత్రం ఆమెకు లొంగలేదు. కుర్చీ వేసింది, దీపం పెట్టింది, పూలకుండీ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఎన్ని పెట్టినా దుకాణం అద్దాల్లో పెట్టిన సామానులాగే ఉంది, చచ్చినా అక్కడ ఒక మనిషి కూర్చోలేదు.

మనిషి కూర్చున్న మూల ఎలా ఉంటుందో తెలియక కాదు. ఇంట్లో రోజూ చూస్తున్నదే. అత్తగారి కుర్చీ, కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడిన దాని పరుపు, వీపు మీద వేసిన బొంత, ఆ బొంతలో మామగారి చారల చొక్కా, భర్త చిన్నప్పటి నిక్కరు, తను కాపురానికి వచ్చిన కొత్తలో మేకుకు పట్టుకుని చిరిగిన ఊదాపూల నైటీ, అన్నీ ముక్కలు ముక్కలుగా పక్కపక్కనే. కాళ్ళ కింద మామగారు చేసిచ్చిన పీట, ఒక కాలు పొట్టిదై టక్కుటక్కుమనేది. చేతికందేచోట బిస్కెట్ల డబ్బాలో గుండీలు. సాయంత్రం ఎవరు ఇంట్లోకి అడుగుపెట్టినా ముందు ఆ మూలకే చూసేవారు, ఆమె కూడా, అక్కడ తల ఊగుతూ కనిపిస్తే ఇంటికొచ్చినట్టు. ఆ మూలనే కదా తను దాచేది. స్నేహితురాళ్ళు వస్తున్నారంటే బొంత మడిచి బీరువాలోకి, పీట మంచం కిందకి, కుర్చీ మీద తెల్లటి కొత్త గుడ్డ. అత్తగారు ఒక్కమాట అనేది కాదు. గుంటలో తెల్లగుడ్డ నలగకుండా అంచున కూర్చుని, వాళ్ళు వెళ్ళాక తనే బీరువా తెరిచి బొంత తీసుకుని, రావే నా తల్లీ అన్నట్టు దులిపి వేసుకునేది. అప్పుడు సిగ్గుపడింది తన ఇంటిని చూసి. ఇప్పుడు సిగ్గుపడుతున్నది తనను చూసి. ఆ సిగ్గు ఎంత తేలికో ఇప్పుడు తెలుస్తోంది.

అడిగితే ఇచ్చేది. సంచిలో పెట్టి మరీ ఇచ్చేది. కానీ ఇన్నాళ్ళూ పాతగుడ్డలని మూతి తిప్పిన మనిషి ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది. పైగా ఒకసారి ఈ ఉద్యోగం సంగతి విని అత్తగారు పడీపడీ నవ్వింది, అయితే ఎవరూ లేని ఇంట్లో చెప్పులు విడిచి వస్తావన్నమాట అంది, అందులో విషం ఏమీ లేదు, నవ్వులాటే, అయినా ఆ మాట గోరుచుట్టు మీద తగిలినట్టు తగిలింది. అందుకని అడగలేదు. ఒక పొద్దున అత్తగారు స్నానానికి వెళ్ళిన వేళ బొంతను కవర్లో కుక్కి తీసుకెళ్ళింది, ఒక్కరోజు, ఫొటోలు తీయగానే సాయంత్రానికి తెచ్చేద్దామని. కుర్చీ వీపు మీద వేసి, ఒక కొసను జారనిచ్చింది. మూల లేచి కూర్చుంది. మేస్త్రీగారు గుమ్మంలోనే ఆగిపోయి చాలాసేపు చూసి, ఇప్పుడొచ్చిందమ్మా మనిషి అన్నాడు, రేపు ఒక జంట వస్తున్నారు, అది కదిలించకు అన్నాడు. ఆ మెప్పు తలకెక్కింది. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతుండగానే అత్తగారు అడిగింది, బొంత ఏమైనా చూశావా అమ్మాయ్ అని. భర్త అక్కడే ఉన్నాడు, ఇంటిని లాడ్జిలా చూస్తున్నావని ముందురోజే అతనితో మాటామాటా వచ్చింది. ఇప్పుడు ఇంట్లోది తీసి బయట పెట్టానంటే ఇంకేమన్నా ఉందా. "మీరే ఎక్కడో సర్ది ఉంటారు అత్తయ్యా" అంది. ఎంత తేలిగ్గా వచ్చేసిందా మాట. ఉమ్మేసినంత తేలిగ్గా. అత్తగారు ఒక్క క్షణం ఆగి, "అంతేనేమో" అంది.

అంతేనేమో. ఆ ఒక్కమాట చెవిలో పడినప్పుడే పరుగున వెళ్ళి కాళ్ళు పట్టుకోవాల్సింది. మర్నాడు ఆ జంట వచ్చారు, భార్య వచ్చీరాగానే ఆ మూలకు వెళ్ళి బొంత మీద చెయ్యి వేసింది, ఊదాపూల ముక్క దగ్గరే వేసింది, ఎవరు కుట్టారండీ ఎంత ఓపికో అంది. నేనే, అంది ఆమె. ఎందుకన్నదో ఇప్పటికీ తెలియదు. ఎవరూ బలవంతపెట్టలేదు, మేస్త్రీగారు కూడా పక్కన లేడు. సూదిలో దారం ఎక్కించడం సరిగ్గా రాని మనిషి, గుండీ ఊడితే అత్తయ్యా అని పిలిచే మనిషి, పొద్దున కూడా అంతే కదా, బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర అత్తగారు ఆగమంది, నీ చేతి అంచున దారం వేలాడుతోందమ్మా, నలుగురిలోకి వెళ్తూ అలాగేనా అంటూ వంటింటి మేకున ఉన్న కత్తెర తెచ్చి, మణికట్టు పట్టుకుని, చటుక్కున దారం కత్తిరించి, కత్తెర మళ్ళీ మేకుకు తగిలించి, ఇప్పుడు పద అంది. పరీక్షకు వెళ్తున్నది తను. బాగు చేసింది కోడలి చొక్కా చెయ్యి. ఆ వేళ్ళు మణికట్టు మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

బొంత ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదేమో. కుర్చీ ఎదుట నేల బోసిగా ఉందని పీట తీసుకెళ్ళింది. మొదటిది తీయడానికే గుండె కొట్టుకోవాలి, రెండోదానికి చెయ్యి దానంతటదే వెళ్తుంది. గుండీల డబ్బా మూత సగం తీసి రెండు గుండీలు బల్ల మీద దొర్లించి పెడితే, చూడ్డానికి వచ్చిన పిల్లలు ఆడుకోవడానికి అక్కడే చతికిలబడ్డారు. ఇంటికొచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న, ఇంకొంచెం చిన్న గొంతుతో. ప్రతిసారీ అదే జవాబు, ఇంకొంచెం చనువుగా, నవ్వుతూ కూడా. ఈ మధ్య మీకు మతిమరుపు ఎక్కువైంది అత్తయ్యా అని ఒకసారి అననే అంది. దానికి భర్త తలెత్తి తల్లివైపు చూశాడు, ఆ రోజు నుంచి చూడడం మొదలుపెట్టాడు. ఇక మామగారి కళ్ళద్దాలు. వాటి సంగతి తలుచుకుంటే తల కొట్టేసినట్టవుతుంది. బోర్లించిన పుస్తకం మీద కళ్ళద్దాలు లేకపోతే పుస్తకం ఎవరో మరిచిపోయినట్టుంది, కళ్ళద్దాలు ఉంటే ఇప్పుడే వస్తారన్నట్టుంది, ఇంత చిన్న తేడా. దానికోసం పోయిన మనిషి కళ్ళద్దాలు సొరుగులోంచి తీసింది. రోజూ పొద్దున్నే వాటిని కొంగుతో తుడిచి, వెలుగులోకి పట్టి చూసి, మళ్ళీ పెట్టేది అత్తగారు. అవి లేని పొద్దున ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. సొరుగులన్నీ మంచం మీద బోర్లించింది. తర్వాత వాటిని తనే సర్దింది, సర్ది, కొడుకు దగ్గరికి వెళ్ళి, నన్ను డాక్టరుకు చూపించరా, మీ నాన్న కళ్ళద్దాలు కూడా పోగొట్టాను అంది.

అప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు ఏ వస్తువు పెట్టినా పైకి చెప్పి పెడుతోంది, తాళాలు ఇక్కడ పెడుతున్నాను, చెంబు ఇక్కడ పెడుతున్నాను, గదిలో ఇంకెవరో సాక్షి ఉన్నట్టు. పొయ్యి ఆపడం మరిచిపోతానేమోనని టీ పెట్టుకోవడం మానేసింది. కుర్చీలో గుంట మాత్రం ఉంది, కాళ్ళు పెట్టుకునే చోటు లేక కాసేపు మడిచి, కాసేపు చాపి, చివరికి లేచి లోపలికి వెళ్ళిపోతుంది. సాయంత్రం తలుపు తెరిస్తే ఆ మూల ఖాళీగా ఉంటుంది. అక్కడ, ఊరి చివర, ఎవరూ లేని మూలలో ఎవరో ఉన్నారు. ఇక్కడ ఉన్న మనిషి లేనట్టు అయిపోయింది. ఎన్నిసార్లు అనుకుంది తెచ్చేద్దామని. బీరువా వెనక దొరికింది అత్తయ్యా అని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకుంది, కానీ బీరువా వెనక దొరికిందంటే అక్కడ పెట్టి మరిచిపోయింది ఎవరు. తెచ్చినా ఆవిడ మీదే పడేలా ఉంది. ఈ ఒక్క ఫ్లాట్ అమ్ముడుపోనీ అని మేస్త్రీగారు, ఈ ఒక్క వారం పోనీ అని తను, మొత్తానికి కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి ఇదుగో ఈ బిగించిన కుర్చీల దాకా వచ్చింది.

"ఈ రోజు ఏం వారమే?" అంది అత్తగారు మెల్లగా, వినేవాళ్ళు ఇంకెవరూ లేకపోయినా.

ఆమె చెప్పింది. అత్తగారు పెదవులు కదుపుతూ ఆ మాట నాలుగైదుసార్లు నెమరేసుకుంది. ముందు ఇలాంటివే అడుగుతారట, పక్కింటావిడ చెప్పింది, తేదీ, వారం, ఆ తర్వాత మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమంటారట. చెప్పలేకపోతే ఇంట్లో ఒక్కదాన్నే వదలొద్దని కాగితం మీద రాసిస్తారట. అంటే ఇక నన్ను కాపలా కాయాలన్నమాట మీరు, అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. చేతిసంచి పిడిని రెండు చేతులా పట్టుకుంది. ఈ చేతులే గట్టిగా ఉన్న రోజుల్లో ఇప్పుడు హాస్టల్లో ఉన్న తన కూతురికి చిన్నప్పుడు జ్వరం వస్తే రాత్రంతా మోశాయి, అది కూడా ఇప్పుడే గుర్తు రావాలా.

"నువ్వేవైనా మూడు చెప్పు. నేను గుర్తుపెట్టుకుంటాను. లోపలికి వెళ్ళేలోపు ఒకసారి చూసుకుందాం."

ఏవైనా మూడు. గడియారం, పువ్వు, పడవ. గొడుగు, బల్ల, గాజు. లోకంలో ఎన్ని వస్తువులు లేవు. నోరు తెరిస్తే అవేవీ రాలేదు, వేరే మూడు మాటలు బయటికొచ్చాయి.

"బొంత. పీట. గుండీల డబ్బా."

అత్తగారు మనసు చివుక్కుమన్నట్టు చూసింది. ఎగతాళి చేస్తోందనుకుంది కాబోలు. ఆ చూపు భరించలేక ఆమె గబగబా చెప్పేసింది, తలొంచుకుని, తన చేతులకు చెప్పుకున్నట్టు. అవి నేనే తీశాను అత్తయ్యా, కళ్ళద్దాలు కూడా, మీరేం మరిచిపోలేదు, నేను చూపించే ఫ్లాట్‌లో ఒక మూలన ఉన్నాయి, ఒక్కరోజుకని తీసి, మీరు అడిగినప్పుడు ఆయన ఉన్నారని అబద్ధం చెప్పి, ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లక, ఇంకా ఏవేవో. చెప్తున్నకొద్దీ అది ఎంత చిన్న కారణమో తనకే వినబడింది. ఇంతకీ దీనికోసమా. తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"కళ్ళద్దాలు పగల్లేదు కదా" అంది అత్తగారు.

"లేదత్తయ్యా."

అత్తగారు కళ్ళు మూసుకుంది. లోపల ఎక్కడో బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలింది, భుజాలు దిగాయి, వీపు మొదటిసారి కుర్చీకి ఆనింది. రోజూ సొరుగు తీసి ఖాళీ చూసుకునేదాన్ని, అంది, కోపంగా కాదు, సంగతి చెప్తున్నట్టు, నా అంతట నేనే ఆయన్ని పారేసుకున్నాననుకున్నాను. ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడవడానికి తనకేం హక్కుందని ఆపుకుంది. అత్తగారే చెయ్యి చాపి కోడలి మోకాలి మీద తట్టింది. బొంత బాగానే పడిందా ఆ మూలన, అని అడిగింది. పడిందత్తయ్యా. ఎవరైనా కూర్చుంటున్నారా దాంట్లో. ఎవరూ కూర్చోరు, చూసి వెళ్తారు. అయ్యో, అంది అత్తగారు, అది కూర్చోవడానికి కుట్టింది కదే. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది, సిగ్గులో తడిసిన నవ్వు ఆమెది, ఆవిడది మాత్రం నిజం నవ్వు, ఎన్నాళ్ళకో.

"అయితే నాకేం లేదన్నమాట" అంది అత్తగారు, సంచి ఇద్దరి మధ్యా పెట్టి చెప్పులు సర్దుకుంటూ. "అబ్బాయికి ఫోన్ చెయ్. కారు పెట్టొద్దను, ఇంటికి పోదాం. నీ సంగతి వాడికి నేను చెప్తాలే, నువ్వు మాట్లాడకు."

ఆమె ఫోన్ తీసింది. ఇంత తేలిగ్గా అయిపోతుందా అనిపించింది, ఇన్నాళ్ళూ మోసిన బరువు ఇలా ఎవరో వచ్చి సంచి అందుకున్నట్టు అందుకోవడమేమిటి, సాయంత్రమే వెళ్ళి నాలుగూ తెచ్చేస్తుంది, మేస్త్రీగారు ఏమన్నా అననీ, మూల బోసిపోనీ, బొంత కుర్చీ మీద పరిచి తనే అత్తగారికి టీ పెట్టి ఇస్తుంది, పీట పొట్టి కాలికి అట్టముక్క కూడా పెడుతుంది. భర్త పేరు మీద వేలు ఆనించబోతోంది.

"అవన్నీ తెచ్చేటప్పుడు ఆ కత్తెర కూడా పట్టుకొచ్చెయ్" అంది అత్తగారు.

"ఏ కత్తెర?"

"మన కత్తెరే, మేకుకు ఉండేది. అదీ నువ్వే తీశావుగా. ఎన్నాళ్ళైందో అది కంటపడి. దారం తెంపడానికి నాకు పళ్ళే గతయ్యాయి."

ఆమె చేతి అంచు వైపు చూసుకుంది. దారం కత్తిరించిన చోట తెల్లటి చిన్న పోగు, ఆవగింజంత, ఇంకా నిలబడే ఉంది. పొద్దుటిది. గట్టిగా రెండు గంటలు కూడా కాలేదు. అత్తగారు హాయిగా నవ్వుతూ, జవాబు కోసం చూస్తోంది. అవునత్తయ్యా అదీ నేనే అంటే చాలు, ఇల్లు, టీ, బొంత, అన్నీ అక్కడే ఉన్నాయి, ఇంకో చిన్న మాట, ఇన్ని అబద్ధాల్లో అదొకటి. ఎప్పటి నుంచి ఇలా. తన దొంగతనాల మధ్య ఇంకెన్ని నిజంగానే జారిపోయాయో ఎవరు చూశారు, ఎవరూ చూడకుండా చేసింది తను కాదూ.

"కత్తెర నేను తీయలేదత్తయ్యా" అంది. "పొద్దున మీరే నా చేతి దారం కత్తిరించి మేకుకు తగిలించారు."

అత్తగారి నవ్వు అక్కడే ఆగింది. కోడలి మొహంలోకి చూసింది, ఒక కంట్లోకి, తర్వాత రెండో కంట్లోకి, మార్చి మార్చి. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అలా చూడలేదు, బొంత అడిగిన రోజున కూడా.

"సరేలేమ్మా" అంది.

లోపలి తలుపు తెరుచుకుంది, నర్సు తల బయటపెట్టి, పెద్దావిడగారిని రమ్మనండి అంది. ఆమె ఫోన్ పక్కన పెట్టి లేచి, పట్టుకోవడానికి చెయ్యి చాపింది. అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని తనంతట తనే లేచింది. లేచి, ఇద్దరి మధ్యా ఉన్న చేతిసంచిని తీసుకుని, కోడలికి అందని వైపు భుజానికి తగిలించుకుని, దాని జిప్పు మూసి ఉందో లేదో వేలితో తడిమి చూసుకుంది.